ఇది బిల్లు కాదు

మా పిన్ని కూతురు డాలస్ పక్కన ఉంటుంది. పోయిన ఏడాది వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పెట్టి, ‘‘అన్నయ్యా, ఇదేంటో నాకు అర్థమయ్యేలా చెప్పు’’ అంది. పిల్లాడు ఉయ్యాల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎమర్జెన్సీకి తీసుకెళ్లి కట్టు కట్టించుకొచ్చారు. మూడు వారాలకు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆ కవరు వచ్చింది. పైన పెద్దక్షరాల్లో ‘ఇది బిల్లు కాదు’ అని ఉంది. కింద నాలుగు గడులు. ఆసుపత్రి వేసింది ఇంత, మా ఒప్పందం ప్రకారం తగ్గింది ఇంత, మేం కట్టేది ఇంత, మీరు కట్టాల్సి రావచ్చు ఇంత. మొదటి గడిలో అంకెకీ చివరి గడిలో అంకెకీ ఎక్కడా పొంతన లేదు. అసలు బిల్లులు ఇంకో నెల తర్వాత వచ్చాయి. ఆసుపత్రిది ఒకటి, ఎముకల డాక్టరుది ఒకటి, పిల్లాణ్ణి కంటితో కూడా చూడకుండా ఎక్స్‌రే మాత్రం చూసినాయనది మరొకటి.

నాకు తెలిసినంతలో విడమరిచి చెప్పాను. డిడక్టబుల్ అంటే ఏడాదిలో మొదటి ఇంత మొత్తం దాకా మన జేబులోంచే పోతుంది, ఆ గీత దాటాకే బీమా నిద్రలేస్తుంది. కో-పే అంటే లేచాక కూడా ప్రతిసారీ మనం పెట్టే చేతి ఖర్చు. అంతా విని, ‘‘సర్లే, బావగారి ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఇదైనా ఉంటుంది’’ అంది.

పిల్లాడి చేతికీ తండ్రి ఉద్యోగానికీ ఏమిటి సంబంధం? అమెరికాలో అందరికీ అందుబాటులో వైద్యం కావాలని యూనియన్లూ, చర్చి బృందాలూ, బస్తీ సంఘాలూ దాదాపు వందేళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. రాలేదు. ఎందుకు రాలేదంటే సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: బీమా కంపెనీలు, మందుల కంపెనీలు, డాక్టర్ల సంఘం అడ్డుపడ్డాయని. అందులో అబద్ధమేం లేదు. 1945లో ప్రెసిడెంట్ ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదిస్తే అక్కడి డాక్టర్ల సంఘం దాన్ని ‘సోషలిస్టు వైద్యం’ అని ముద్రవేసి, లక్షల డాలర్లు గుమ్మరించి పాతిపెట్టింది. కానీ శత్రువు బలం చెప్పినంత మాత్రాన కథ పూర్తి కాదు. అడిగేవాళ్ల కాళ్లకే ఒక తాడు కట్టి ఉంది. నాకు ఆసక్తి ఆ తాడు మీదే.

తాడు ఎలా పడింది

1942లో యుద్ధం మధ్యలో ధరలు పెరిగిపోకుండా అమెరికా ప్రభుత్వం జీతాలను బిగించేసింది. ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి, జీతం పెంచి పిలవడానికి వీల్లేదు. బీమా, పింఛన్ లాంటివి మాత్రం జీతం కింద లెక్కలోకి రావని ప్రభుత్వమే ఒక సందు వదిలింది. కంపెనీలన్నీ ఆ సందులోంచే వచ్చాయి: జీతం పెంచలేం గానీ ఆసుపత్రి ఖర్చు చూసుకుంటాం అన్నాయి. 1954లో పన్నుల చట్టం తిరగరాసినప్పుడు, యజమాని కట్టే ఆరోగ్య బీమా సొమ్ముకు పన్ను లేదని గట్టిగా రాసేశారు. వంద డాలర్లు జీతంగా ఇస్తే పన్ను పడుతుంది, అదే వంద బీమాగా ఇస్తే పడదు. ఇక ఎవరు వదులుకుంటారు?

యూనియన్లూ వదులుకోలేదు. నిజానికి ఆటో కార్మికుల యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్ జాతీయ బీమానే కోరుకున్నాడు. ట్రూమన్ ప్రయత్నం చతికిలపడ్డాక సర్కారు నుంచి రానిదాన్ని కంపెనీ నుంచైనా రాబట్టాలనుకున్నారు. 1950లో జనరల్ మోటార్స్‌తో కుదిరిన ఐదేళ్ల ఒప్పందంలో పింఛనుతో పాటు ఆరోగ్య బీమా కూడా ఉంది. అప్పట్లో అక్కడ ప్రతి ముగ్గురు ఉద్యోగుల్లో దాదాపు ఒకరు యూనియన్ సభ్యుడు. యూనియన్లు ముందు నడిస్తే మిగతా కంపెనీలు కూడా వెనక వస్తాయన్న లెక్క మరీ గాలిలో మేడ కాదు. ఇప్పుడా వాటా దాదాపు పదిశాతమే. ప్రైవేటు రంగంలోనైతే ఆరు శాతం. ముందు నడిచేవాళ్లే తగ్గిపోతే వెనక వచ్చేదెవరు?

ఆ తాడు చివర ఎవరి చేతిలో ఉందో 2019 సెప్టెంబరులో తేటతెల్లమైంది. జనరల్ మోటార్స్‌లో సుమారు 48,000 మంది సమ్మెకు దిగారు. దిగిన రెండో రోజే కంపెనీ వాళ్ల ఆరోగ్య బీమా ఆపేసింది. జీతం ఆపడం ఎవరైనా ఊహిస్తారు. కానీ ఆ వారంలో కీమోకు వెళ్లాల్సిన భార్య, కాన్పుకు దగ్గరపడ్డ కూతురు ఉన్న మనిషి ఫ్యాక్టరీ గేటు ముందు సమ్మె వరుసలో నిలబడి ఏం ఆలోచిస్తాడు? దేశమంతా దుమ్మెత్తిపోశాక పది రోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గి బీమా తిరిగిచ్చింది. అయినా కొరడా ఎక్కడ వేలాడుతోందో అందరూ చూశారు.

ఉద్యోగం పోయినవాళ్లకు ఓ దారి ఉంది: పాత పాలసీనే 18 నెలల దాకా సొంత డబ్బుతో కొనసాగించుకోవచ్చు. ఆ ఏర్పాటు పొట్టిపేరు కోబ్రా. ఎవరూ సరదాకి పెట్టింది కాదు, చట్టం పేరులోని పొడి అక్షరాలు అలా కుదిరాయంతే. కానీ కాటు మాత్రం ఉంది. ఉద్యోగి వాటా, యజమాని వాటా కలిపి మొత్తం ప్రీమియం, దానిమీద మరో రెండు శాతం దాకా కట్టాలి. 2024లో ఉద్యోగం ద్వారా వచ్చే కుటుంబ పాలసీ సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అంటే కోబ్రాకి నెలకు 2,170 డాలర్ల పైచిలుకు, అదీ జీతం ఆగిపోయిన నెలలో. హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లకైతే ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికో, పెట్టె సర్దుకోవడానికో గరిష్ఠంగా 60 రోజులే. మా చెల్లెలు ‘ఉద్యోగం ఉన్నన్నాళ్లు’ అన్న మాటలో వీసా, ఇల్లు, పిల్లాడి చెయ్యి అన్నీ ఒకే మూటలో ఉన్నాయి.

లాస్ వేగాస్ వంటవాళ్ల సందేహం

ఇంత తెలిశాక యూనియన్లన్నీ ఒక్క గొంతుతో ‘బీమాని ఉద్యోగం నుంచి విడదీయండి’ అనాలి కదా? నర్సుల యూనియన్ ఆ మాటే గట్టిగా అంటుంది. అందరూ అనరు. కారణం లాస్ వేగాస్‌లో కనిపిస్తుంది.

అక్కడి క్యాసినో హోటళ్లలో వంట చేసేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, వడ్డించేవాళ్ల సంఘం పేరు కలినరీ యూనియన్. సభ్యులు సుమారు 60,000 మంది. వాళ్ల ఆరోగ్య నిధిలోకి డబ్బు యజమానులే జమ చేస్తారు, కార్మికులు నెలనెలా ప్రీమియం కట్టరు. యూనియన్‌కి సొంత వైద్యకేంద్రం కూడా ఉంది. పడక సర్దే మనిషికి దొరికే బీమా చాలామంది ఆఫీసరు ఉద్యోగుల బీమా కంటే మెరుగు. ఇదేం ఊరికే రాలేదు. ఇదే యూనియన్ ఫ్రాంటియర్ అనే హోటల్ ముందు 1991 నుంచి 1998 దాకా ఆరేళ్లకు పైగా సమ్మె చేసింది. ఐదొందల యాభై మందిలో ఒక్కరూ సమ్మె వరుస దాటి పనిలోకి వెళ్లలేదు.

2020 ఫిబ్రవరిలో, ప్రెసిడెంట్ పదవికి డెమోక్రటిక్ పార్టీ తరఫున నిలబడాలని పోటీపడుతున్న బెర్నీ శాండర్స్ అందరికీ ఒకే ప్రభుత్వ బీమా తెస్తానంటూ లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రానికి వచ్చాడు. ఈయన గెలిస్తే మన కలినరీ వైద్యం అంతమవుతుందని యూనియన్ నాయకత్వం కరపత్రం పంచింది. దూరం నుంచి చూసేవాళ్లకు ఇది స్వార్థంలా కనిపిస్తుంది. నాకలా అనిపించదు. గత ముప్ఫై ఏళ్లలో బేరం బల్ల దగ్గర ప్రతిసారీ, ‘జీతం కాస్త తక్కువ పెంచండి, బీమా మాత్రం ముట్టుకోకండి’ అని అడిగి దాచుకున్న ఆస్తి అది. దాన్ని ఒక హామీకి బదులు అప్పజెప్పమంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఇంట్లో ఉన్న నెయ్యి పారబోసి రేపటి వెన్న కోసం కూర్చుంటామా?

అయితే పార్టీ అభ్యర్థి కోసం అక్కడ ఓటింగ్ జరిగిన ఫిబ్రవరి 22న చిత్రం జరిగింది. హోటల్ కార్మికుల కోసం క్యాసినోలు బారులు తీరిన స్ట్రిప్ అనే రోడ్డు మీదే పెట్టిన ఓటింగ్ చోట్ల చాలావాటిలో శాండర్స్ గెలిచాడు. నాయకత్వం కాపాడాలనుకున్న సభ్యులే అటు చెయ్యెత్తారు. నా అంచనా ఇది: గది ఊడ్చే ఆమెకు బీమా ఉంది, ఆమె తమ్ముడు టాక్సీ తోలతాడు, అతనికి లేదు. నాయకత్వం సభ్యత్వ జాబితా చూస్తుంది. ఆమె పండక్కి ఇంటికొచ్చే మనుషుల్ని చూస్తుంది.

యూనియన్లు చీలకుండా నిలబడి గెలిచిన సందర్భం కూడా ఒకటుంది. 65 ఏళ్లు దాటినవాళ్ల కోసం పుట్టిన మెడికేర్. 1961లో ఏర్పడిన వయోవృద్ధుల జాతీయ మండలికి వెన్నెముక రిటైరైన ఆటో, స్టీలు కార్మికులే. వాళ్లు ఊరూరా సభలు పెట్టి, ఉత్తరాలు రాసి, నాలుగేళ్లు పోరారు. 1965 జులై 30న ట్రూమన్ సొంత ఊరు ఇండిపెండెన్స్‌లో, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అప్పటి ప్రెసిడెంట్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. మొదటి కార్డు ట్రూమన్‌కే ఇచ్చాడు. అప్పుడెందుకు చీలలేదు? రిటైరైన మనిషికి ఉద్యోగం లేదు. ఉద్యోగం లేని చోట తాడూ లేదు. ముసలివాళ్ల మీద లాభం లేదని బీమా కంపెనీలకు కూడా వాళ్ల మీద పెద్ద మోజు లేదు.

ఇదంతా మనకు బొత్తిగా తెలియని లోకం కాదు. ఆర్టీసీ డ్రైవరుకు తార్నాక ఆసుపత్రి ఉంది, సింగరేణి కార్మికుడికి కంపెనీ ఆసుపత్రులున్నాయి. 2017 నుంచి ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000 రూపాయలు. ‘‘సార్, నాకు ఇంక్రిమెంటు వద్దు, ఈఎస్ఐ పోతుంది’’ అని సూపర్‌వైజరు దగ్గర బతిమాలుకునే మనిషి బాధ ఆ వేగాస్ వంటమనిషి బాధకి చుట్టమే. 2007లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ముడిని ఉద్యోగం నుంచి తెల్లకార్డుకు మార్చింది. అది చిన్న మార్పేం కాదు. కానీ కార్డుకీ ఈఎస్ఐకీ మధ్య ఇరుక్కున్న ప్రైవేటు బడి టీచరు, చిన్న దుకాణదారు ఎటూ కాకుండా మిగిలారు. అలా ఏ బీమా లేకుండా మధ్యలో మిగిలినవాళ్లు దేశ జనాభాలో కనీసం 30 శాతం ఉంటారని 2021లో నీతి ఆయోగ్ లెక్క.

వెర్మాంట్: తాడు కోయబోయిన రాష్ట్రం

అమెరికాలో తాడుని కోసేద్దామని అందరికంటే ముందుకెళ్లింది వెర్మాంట్. ఈశాన్యపు కొసన, కెనడా సరిహద్దులో, పాడి ఆవులూ మేపుల్ చెట్లూ ఉన్న కొండల రాష్ట్రం. మొత్తం జనాభా ఆరు లక్షల పైచిలుకు, అంటే మన వరంగల్ నగరమంత కూడా ఉండదు.

అక్కడి వెర్మాంట్ వర్కర్స్ సెంటర్ 2008లో ‘వైద్యం మానవ హక్కు’ అనే ప్రచారం మొదలుపెట్టింది. వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. ‘సింగిల్ పేయర్’ అనే మాటతో మొదలుపెట్టలేదు. ఆ మాటకర్థం ఏంటంటే, ఆసుపత్రులు ఎవరివైనా సరే, బిల్లులన్నీ కట్టేది ఒకే ఖజానా. ప్రభుత్వాసుపత్రి అని కాదు, ప్రభుత్వ పర్సు అని. అది నిపుణుల భాష, సంతలో చెబితే ఎవరూ ఆగరు. అందుకని వీళ్లు శనివారం రైతు బజార్లలో బల్ల వేసుకుని కూర్చుని, ‘మీకు వైద్యం దగ్గర ఏం జరిగింది?’ అని అడిగారు. చెప్పనిచ్చారు. చెప్పినవాళ్లని మరుసటి సభకు పిలిచారు. 2009 మే డే నాటికి రాజధాని మాంట్‌పీలియర్‌లో శాసనసభ ముందు వెయ్యి మందికి పైగా పోగయ్యారు. ఎర్ర టీషర్టులు, మీద అదే నినాదం. ఎనిమిది వేల మంది కూడా లేని ఊళ్లో వెయ్యి మందంటే ఆలోచించుకోండి.

2010లో సింగిల్ పేయర్ తెస్తానన్న పీటర్ షమ్లిన్ గవర్నరుగా గెలిచాడు. తైవాన్ ఆరోగ్య బీమాకి రూపకల్పన చేసిన హార్వర్డ్ ఆచార్యుడు విలియం షావ్‌ని పిలిచి పథకం గీయించారు.

బిల్లు శాసనసభలో ఉన్న చివరి రోజుల్లో అసలు పరీక్ష వచ్చింది. పత్రాలు లేని వలసకూలీలకు ఇది వర్తించదంటూ 2011 ఏప్రిల్‌లో సెనేట్ ఒక సవరణ దూర్చింది. వెర్మాంట్ పాల డెయిరీల్లో తెల్లవారుజామున పాలు పితికేవాళ్లలో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లే. ఒప్పుకుంటే బిల్లు గట్టెక్కుతుంది, కాదంటే మునుగుతుందేమో. ‘ఈసారికి పోనిద్దాం’ అనే సలహాలకు కొదవ ఉండదు ఇలాంటప్పుడు. వీళ్లు పోనివ్వలేదు. అందరికీ అంటే అందరికీ అని ఆ మే డే నాడు మళ్లీ శాసనసభ చుట్టుముట్టారు. సవరణ తప్పుకుని దాని స్థానంలో ఒక అధ్యయనం మిగిలింది. మే 26న గవర్నరు సంతకం పెట్టాడు. పేరు యాక్ట్ 48.

చట్టం గెలిచింది. డబ్బు సంగతి మాత్రం చట్టంలో లేదు. ఎక్కడినుంచి తెస్తారో 2013 జనవరికల్లా చెప్పాలని అందులోనే రాశారు. ఆ గడువు దాటింది. ఈలోగా ప్రెసిడెంట్ ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం కోసం రాష్ట్రం కట్టిన బీమా వెబ్‌సైటు మాటిమాటికీ మొరాయించింది. ఒక వెబ్‌సైటు నడపలేనివాళ్లు మొత్తం వైద్యం నడుపుతారా అని జనం నవ్వుకున్నారు. 2014 నవంబరు ఎన్నికలో షమ్లిన్ సుమారు 2,400 ఓట్ల తేడాతో గీత తాకి బయటపడ్డాడు. డిసెంబరు 17న మీడియాని పిలిచి ఇక వల్లకాదన్నాడు. యజమానుల మీద జీతాల బిల్లులో 11.5 శాతం పన్ను, కుటుంబాల మీద ఆదాయాన్ని బట్టి 9.5 శాతం దాకా ప్రీమియం వేయాల్సి వస్తుందని లెక్క చూపించాడు.

ఈ అంకెలు చూసి ‘అమ్మో’ అనుకోవడం సహజం. ఒక్క నిమిషం ఆగి కాగితం మీద పెడదాం. ఏడాదికి 60,000 డాలర్ల జీతం, కుటుంబ పాలసీ ఉన్న ఉద్యోగిని తీసుకోండి. పైన చెప్పిన 25,572లో సగటున ఉద్యోగి జీతంలోంచి కోసేది 6,296. మిగతా 19,000 పైచిలుకు యజమాని కడతాడు. షమ్లిన్ లెక్కలో ఆ యజమాని కట్టాల్సింది 6,900. ఉద్యోగి ఎంత ఎక్కువ కట్టినా 5,700. ఏళ్లు వేరు గనుక ఇది ఉజ్జాయింపు పోలికే, కానీ దిక్కు తెలుస్తుంది. ఇద్దరికీ మిగులే.

ఇప్పుడు వీధి చివర రొట్టెల కొట్టు చూడండి. ఆరుగురు పనివాళ్లు, మొత్తం జీతాలు రెండు లక్షల డాలర్లనుకుందాం. ఇవాళ ఆ ఓనరు ఎవరికీ బీమా ఇవ్వడం లేదు. రేపటి నుంచి ఏడాదికి 23,000 కట్టాలి. అతను రాత్రి నిద్రపోడు. పొద్దున్నే లేచి తన శాసనసభ్యుడికి ఫోన్ చేస్తాడు.

నష్టపోయేవాడికి తన నష్టం డాలరుతో సహా తెలుసు. లాభపడే ఉద్యోగికి మాత్రం ఆ 19,000 ఎప్పుడూ కంటపడలేదు. అది జీతం కాగితంలో లేదు, బ్యాంకులోకి రాలేదు. అది కంపెనీ పెట్టే ఖర్చు అనుకుంటాడు. తన జీతం పదేళ్లుగా ఎందుకు నత్తనడక నడుస్తోందో, ఆ పెరగాల్సిన జీతమే బీమా కంపెనీకి పోతోందని ఎవరూ చెప్పలేదు. కనపడని కోత పోయి కనపడే పన్ను వస్తుందంటే, మొత్తం తగ్గుతున్నా సరే, పెరిగినట్టే అనిపిస్తుంది. యూనియన్లూ సంఘాలూ హక్కు గురించి ఊరూరా చెప్పాయి. ఈ 19,000 గురించి కూడా అంత ఓపికతో చెప్పి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ప్రచారం చేసినవాళ్ల వాదన వేరు: రొట్టెల కొట్టుకీ వేలమంది పనిచేసే కంపెనీకీ ఒకే 11.5 శాతం ఎవరు పెట్టమన్నారు, చిన్నవాడికి తక్కువ పెద్దవాడికి ఎక్కువ పెట్టొచ్చు కదా అని. అదీ న్యాయమైన ప్రశ్నే. గవర్నరు దాన్ని బహిరంగంగా చర్చకే పెట్టలేదు.

2015 జనవరి 8న షమ్లిన్ మళ్లీ ప్రమాణం చేస్తున్న రోజు ఎర్ర టీషర్టులు మళ్లీ శాసనసభలో కనిపించాయి. డబ్బు లెక్క మీద బహిరంగ విచారణకు తేదీ చెప్పేదాకా లేవమని కూర్చున్నారు. పోలీసులు 29 మందిని తీసుకెళ్లారు.

యాక్ట్ 48ని రద్దు చేయలేదు. వెర్మాంట్ వాసులందరికీ ప్రభుత్వ నిధులతో, ప్రజల ఉమ్మడి సొత్తుగా వైద్యం అందించాలన్న వాక్యం అందులో ఉంది. ఆ చట్టమే పుట్టించిన గ్రీన్ మౌంటెన్ కేర్ బోర్డు ఇప్పటికీ పనిచేస్తోంది. ఏటా వేసవిలో కూర్చుని, ప్రైవేటు బీమా కంపెనీలు వచ్చే ఏడాదికి ప్రీమియం ఎంత పెంచుకోవచ్చో తేలుస్తుంది.